ఒలింపియాలో బిల్లు మీద మీ మాట చెప్పడం ఎలా: వాషింగ్టన్ రాష్ట్ర శాసనసభ కమిటీ ముందు టెస్టిమొనీ

ప్రతి ఏటా జనవరి రెండవ సోమవారం నాడు రాజధాని ఒలింపియాలో వాషింగ్టన్ రాష్ట్ర శాసనసభ సమావేశాలు మొదలవుతాయి. ఆ వారంలోనే సియాటిల్ దగ్గరి రెడ్మండ్, బోథెల్, సమామిష్ ప్రాంతాల తెలుగువారి వాట్సాప్ గ్రూపులలో ఏదో ఒక బిల్లు నెంబరు తిరగడం, దాని కింద "మనం కూడా మాట్లాడవచ్చా, ఎక్కడ పేరు ఇవ్వాలి, వీసా మీద ఉన్నవాళ్ళు మాట్లాడితే ఇబ్బంది వస్తుందా" అనే ప్రశ్నలు రావడం మామూలైపోయింది. ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు రాసే కంటే అన్నీ ఒకచోట పెడితే మేలని ఇది రాస్తున్నాను.

హైదరాబాదులోనో అమరావతిలోనో మనం చూసి ఎరిగిన పద్ధతి వేరు. అక్కడ చాలా బిల్లులు నేరుగా సభలోనే చర్చకు వచ్చి ఆమోదం పొందుతాయి. మామూలు మనిషి పాసు సంపాదించి గ్యాలరీలో కూర్చోగలడే తప్ప నోరు విప్పే వీలుండదు. ఇక్కడ బిల్లు సభకు చేరేలోపు కమిటీ దగ్గర ఆగుతుంది, ఆ కమిటీ బహిరంగంగా హియరింగ్ జరుపుతుంది, అందులో ఎవరైనా పేరు నమోదు చేసుకుని మాట్లాడవచ్చు; దీన్నే టెస్టిమొనీ అంటారు. అయితే దొరికే సమయం ఒకటి రెండు నిమిషాలే కాబట్టి, ఆ కొద్ది సమయంలో వేరెవరూ చెప్పలేని సంగతిని, అంటే మీకు స్వయంగా జరిగినదాన్ని, బిల్లులోని ఒక ఫలానా సెక్షన్‌కు ముడిపెట్టి చెప్పడమే మీ పని. కింద రాసినదంతా దాని కోసమే.

ఎవరు మాట్లాడవచ్చు?

ఎవరైనా మాట్లాడవచ్చు. ఓటు హక్కు ఉండాలనే నియమం లేదు, కమిటీ పౌరసత్వం గురించి అడగదు. హెచ్‌1బి మీద ఉన్నవారు, గ్రీన్ కార్డు ఉన్నవారు, చదువుకుంటున్న పిల్లలు, ఇక్కడ ఉండే తల్లిదండ్రులు, అందరూ అర్హులే. ఎన్నికల ప్రచారానికి విరాళం ఇవ్వడం, కమిటీ ముందు అభిప్రాయం చెప్పడం రెండూ ఒకటి కావు. మొదటిది గ్రీన్ కార్డు లేని విదేశీయులకు నిషిద్ధం, రెండవది కాదు. జీతం తీసుకోకుండా మీ కోసం మీరు మాట్లాడుతున్నంత కాలం లాబీయిస్టుగా రిజిస్టర్ చేసుకోవలసిన అవసరం కూడా లేదు. కాకపోతే మీరు చెప్పేదంతా బహిరంగ రికార్డు అవుతుంది, వీడియో ఇంటర్నెట్‌లో ఉండిపోతుంది. ఇమ్మిగ్రేషన్ కేసు ఏదైనా నడుస్తున్నవారు ఆ ఒక్క విషయం మీద ముందుగా తమ వకీలును అడిగి చూసుకోవడం మంచిది.

ఉద్యోగస్థులు ఇంకొక జాగ్రత్త తీసుకోవాలి. కంపెనీ పేరు చెబితే కంపెనీ తరఫున మాట్లాడుతున్నారని అనుకుంటారు. "నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరును, నా సొంత అభిప్రాయం చెబుతున్నాను" అంటే చాలు. ఆఫీసు ల్యాప్‌టాప్ నుంచి, ఆఫీసు ఈమెయిల్‌తో నమోదు చేసుకోకండి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలోనో ప్రభుత్వ శాఖలలోనో పనిచేసేవారికి ఇది మరీ ముఖ్యం.

కావలసినవి

బిల్లు నెంబరు, ఆ బిల్లు ప్రస్తుతం ఉన్న కమిటీ పేరు, హియరింగ్ తేదీ, సమయం తెలిసి ఉండాలి. మీ సొంత ఈమెయిల్ కావాలి. రాసి పెట్టుకున్న ప్రసంగం రెండు నిమిషాలకొకటి, ఒక నిమిషానికొకటి, రెండు రకాలుగా ఉండాలి. ఇంటి నుంచి మాట్లాడేవారికి జూమ్ ఉన్న కంప్యూటరు, మైకు ఉన్న ఇయర్‌ఫోన్లు, తలుపు వేసుకోగలిగిన గది కావాలి. వీటన్నిటికంటే ముఖ్యంగా ఆ పూట రెండు మూడు గంటల ఖాళీ ఉండాలి, ఎందుకంటే మీ వంతు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

1. బిల్లు ఎక్కడ ఉందో చూసుకోండి

శాసనసభ వెబ్‌సైటు లెగ్ డాట్ డబ్ల్యూఏ డాట్ గవ్‌లో బిల్లు నెంబరు కొడితే దాని చరిత్ర అంతా వస్తుంది. ప్రతినిధుల సభ బిల్లుల నెంబర్లు 1000 నుంచి, సెనేట్ బిల్లుల నెంబర్లు 5000 నుంచి మొదలవుతాయి కాబట్టి నెంబరు చూడగానే అది ఏ సభలో పుట్టిందో తెలిసిపోతుంది. చాలాసార్లు ఒకే విషయం మీద రెండు సభలలో రెండు బిల్లులు ఉంటాయి. గ్రూపులో ఒక నెంబరు తిరుగుతుంటే హియరింగ్ రెండవదాని మీద జరుగుతూ ఉంటుంది. అది సరిచూసుకోండి.

షెడ్యూలులో మూడు మాటలు కనిపిస్తాయి. పబ్లిక్ హియరింగ్ అంటే ప్రజలు మాట్లాడేది; మీకు కావలసింది అదే. ఎగ్జిక్యూటివ్ సెషన్ అంటే సభ్యులు సవరణలు చర్చించి ఓటు వేసేది. అందులో ప్రజలకు మాట్లాడే అవకాశం ఉండదు. వర్క్ సెషన్‌లో సాధారణంగా పిలిచినవారే మాట్లాడతారు. ఎగ్జిక్యూటివ్ సెషన్‌ను హియరింగ్ అనుకుని సెలవు పెట్టుకుని ఒలింపియా దాకా వెళ్ళి ఊరికే కూర్చుని వచ్చినవారు ఉన్నారు.

ఆ పేజీలోనే ఈమెయిల్ ద్వారా సమాచారం పంపే సదుపాయం ఉంది, దానికి నమోదు చేసుకోండి. బేసి సంవత్సరాలలో సమావేశాలు 105 రోజులు, సరి సంవత్సరాలలో 60 రోజులు మాత్రమే సాగుతాయి. ఫలానా తేదీలోగా కమిటీ దాటని బిల్లు ఆ ఏటికి ఆగిపోయే గడువులు కూడా ఉంటాయి. అందువల్ల హియరింగులు హఠాత్తుగా, కొద్ది రోజుల ముందు మాత్రమే ప్రకటించబడతాయి. వచ్చే వారం చూద్దామనుకుంటే ఆ లోపు అయిపోతుంది.

2. బిల్లును చదవండి, కనీసం మీ సెక్షన్‌ను

బిల్లు పూర్తి పాఠం చదవడం కష్టమే. దానికి సిబ్బంది తయారుచేసే బిల్ రిపోర్టు లేదా బిల్ అనాలిసిస్ అదే పేజీలో ఉంటుంది, సరళంగా ఉంటుంది, దానితో మొదలుపెట్టండి. డబ్బు ఖర్చయ్యే బిల్లు అయితే ఫిస్కల్ నోట్, అంటే ఖర్చు అంచనా పత్రం, చూడండి. ఆ తర్వాత మీకు సంబంధించిన సెక్షన్ ఏదో వెతికి, ఆ ఒక్కటీ అసలు పాఠంలో అక్షరం అక్షరం చదవండి.

ఏ ప్రతిని చదువుతున్నారో గమనించడం మరీ ముఖ్యం. 2025లో వచ్చిన అద్దెల బిల్లు హెచ్.బి. (హౌస్ బిల్, అంటే ప్రతినిధుల సభ బిల్లు) 1217 ఇందుకు మంచి ఉదాహరణ. ప్రవేశపెట్టినప్పుడు ఏడాదికి అద్దె పెంపు 7 శాతం మించకూడదని అందులో ఉంది. రెండు సభలు దాటి, చర్చోపచర్చలయ్యాక, 2025 మేలో గవర్నర్ బాబ్ ఫెర్గూసన్ సంతకం చేసే నాటికి ఆ పరిమితి 7 శాతానికి ధరల సూచీ పెరుగుదలను కలిపిన మొత్తం లేదా 10 శాతం, ఏది తక్కువైతే అది, అని మారింది. మధ్యలో సెనేట్‌లో మరొక రూపం వచ్చింది. పాత ప్రతిని చదివి కొత్త కమిటీ ముందు మాట్లాడితే సభ్యులు మర్యాదగా వింటారు, లోపల మాత్రం మీ మాటను పక్కన పెట్టేస్తారు. బిల్లు నెంబరు ముందు సబ్‌స్టిట్యూట్, ఎన్‌గ్రోస్డ్ అనే మాటలు చేరాయంటే పాఠం మారిందని అర్థం.

3. నమోదు చేసుకోండి

వెబ్‌సైటులో కమిటీ సైన్-ఇన్ అనే పేజీ ఉంది. వాడుకలో దాన్ని సి.ఎస్.ఐ. అంటారు. సభ, కమిటీ, సమావేశం తేదీ, బిల్లు వరుసగా ఎంచుకుంటే మూడు దారులు కనిపిస్తాయి.

మొదటిది స్వయంగా మాట్లాడడం. ఒలింపియాకు వెళ్ళి అయినా మాట్లాడవచ్చు, ఇంటి నుంచి జూమ్‌లో అయినా మాట్లాడవచ్చు. రెండవది రాతపూర్వకంగా పంపడం. హియరింగ్ మొదలైన సమయం నుంచి 24 గంటల దాకా దీనికి వీలుంటుంది. మూడవది మాట్లాడకుండా, రాయకుండా, మీరు ఏ పక్షమో రికార్డులో నమోదు చేయించడం. మొదటిదానికీ మూడవదానికీ గడువు హియరింగ్ ప్రారంభానికి ఒక గంట ముందు ముగుస్తుంది. ఆఖరి నిమిషంలో చేద్దామని కూర్చుంటే పేజీ మూసుకుపోతుంది, ఎవరికి ఫోన్ చేసినా తెరవరు.

పక్షం అడిగినచోట ప్రో (అనుకూలం), కాన్ (వ్యతిరేకం), అదర్ (ఇతరం) అని ఉంటుంది. బిల్లు ఉద్దేశం బాగుంది గాని ఒక సెక్షన్ మారాలి అనుకునేవారు అదర్ ఎంచుకోవచ్చు. నా అనుభవంలో ఈ మూడవ గడిని మనవాళ్ళు వాడరు, "అటో ఇటో తేల్చాలి కదా" అంటారు. కాని సవరణ కోరేవారి మాటను బిల్లు తెచ్చిన సభ్యుడు చెవి ఒగ్గి వింటాడు, ఎందుకంటే చిన్న మార్పుతో ఒక వ్యతిరేకి తగ్గుతాడు.

పేరు రాసేటప్పుడు ఇంటిపేరు ముందా వెనకా అన్న తికమక రానివ్వకండి. పాస్‌పోర్టులో ఉన్న మూడు నాలుగు మాటలూ అక్కర్లేదు. పిలిస్తే మీరు పలికే పేరు, దాని తర్వాత ఇంటిపేరు రాయండి. రాతపూర్వకంగా పంపేదానిలో ఇంటి చిరునామా, పిల్లల బడి పేరు, వైద్య వివరాలు, ఇమ్మిగ్రేషన్ నెంబర్లు పెట్టకండి. అది ఎవరు అడిగినా ఇవ్వవలసిన పత్రం అవుతుంది.

నమోదు పూర్తయిందా లేదా అన్నదానికి గుర్తు మీ పెట్టెలోకి వచ్చే ఈమెయిల్. జూమ్ ఎంచుకున్నవారికి లింకు అందులోనే ఉంటుంది. అది రాకపోతే స్పామ్‌లో చూడండి, అక్కడా లేకపోతే మళ్ళీ నమోదు చేయండి. ఆ లింకు మీ ఒక్కరిదే, గ్రూపులో పంచకండి.

4. రాయండి

దీని మీద మిగతా అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టండి. ఇంగ్లీషు నిదానంగా చదివితే నిమిషానికి 130 మాటల చొప్పున పోతుంది. కాబట్టి రెండు నిమిషాల ప్రసంగం 250 మాటలు, నిమిషం ప్రసంగం 120 మాటలు దాటకూడదు. హియరింగ్‌కు జనం ఎక్కువైతే చైర్, అంటే కమిటీ అధ్యక్షులు, అప్పటికప్పుడు రెండు నిమిషాలను ఒకటిగా కుదించేస్తారు. అందుకే రెండు ప్రతులు ఉండాలన్నాను. పెద్దదాన్ని వేగంగా చదివి ఒక నిమిషంలో ఇరికించాలని చూస్తే ఒక్క ముక్కా అర్థం కాదు, మన ఉచ్చారణకు అలవాటు పడని చెవులకు మరీను.

వరుస ఇలా ఉంచండి: చైర్‌కు, సభ్యులకు ఒక్క మాటలో పలకరింపు; "రికార్డు కోసం నా పేరు ఫలానా"; మీ ఊరు; పక్షం; మీకు జరిగినది; బిల్లులో దానికి సంబంధించిన సెక్షన్; మీరు కోరేది; ధన్యవాదాలు. పైన చెప్పిన అద్దెల బిల్లు మొదటి ప్రతి మీద ఒక అద్దెదారు మాట్లాడుతున్నారని ఊహించుకుంటే, ఇంగ్లీషులో చెప్పవలసినదాని తెలుగు రూపం ఇది.

"చైర్ గారికి, కమిటీ సభ్యులకు నమస్కారం. రికార్డు కోసం నా పేరు ఫలానా, బోథెల్‌లో ఉంటాను, ఈ బిల్లును సమర్థిస్తున్నాను. మేము ఆరేళ్ళుగా ఒకే అపార్టుమెంటులో అద్దెకు ఉంటున్నాము, ఒక్క నెల కూడా అద్దె ఆలస్యం చేయలేదు. నిరుడు లీజు పొడిగించే సమయంలో నెలకు 2,400 డాలర్లున్న అద్దెను 2,830 చేశారు. మా అమ్మాయి ఐదవ తరగతి మధ్యలో ఉంది, బడి మార్చడం ఇష్టం లేక ఒప్పుకున్నాము. ఆ 430 డాలర్ల కోసం మా అమ్మగారి ప్రయాణం మానుకున్నాము. ఈ బిల్లులోని 7 శాతం పరిమితి అప్పుడు ఉండి ఉంటే ఆ పెంపు 168 డాలర్ల దగ్గర ఆగేది. ఆ పరిమితిని ఉన్నది ఉన్నట్టు ఉంచాలని కోరుతున్నాను. ప్రశ్నలుంటే జవాబు చెబుతాను. ధన్యవాదాలు."

ఇందులో రాజ్యాంగం లేదు, దేశ ఆర్థిక పరిస్థితి లేదు, ఒక ఇంటి లెక్క ఉంది. ఇదే బిల్లును వ్యతిరేకించే ఇంటి యజమాని కూడా ఇదే పద్ధతిలో చెప్పవచ్చు: ఉన్న ఒక్క ఇల్లు అద్దెకిచ్చిన మనిషి, ఆ ఏడు ఇంటి బీమా ఎంత పెరిగింది, ఆస్తి పన్ను ఎంత పెరిగింది, అద్దె ఎంత వస్తోంది అన్న మూడు అంకెలు చెబితే ఆ మాటకు బరువుంటుంది. తెలుగువారిలో ఒకే వీధిలో ఈ రెండు రకాలవారూ ఉన్నారు కాబట్టి "మా కమ్యూనిటీ అంతా ఈ బిల్లు వైపే" అనడం నిజమూ కాదు, తెలివీ కాదు. మీరు ఎవరి తరఫునా ఎన్నిక కాలేదు; మీ తరఫున మీరు మాట్లాడండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు రాతలోనే ఉంటాయి. మన సభల అలవాటు కొద్దీ వేదిక మీది పెద్దలందరికీ పేరు పేరునా వందనం చెప్పి, అవకాశమిచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పి, అమెరికాకు ఎప్పుడు వచ్చామో చెప్పేసరికి నలభై సెకన్లు అయిపోతాయి. ప్రతి వాక్యానికీ "రెస్పెక్టెడ్ సర్" అక్కర్లేదు. చైర్ మహిళ అయినప్పుడు ఆ మాట నోరు జారడం ఇంకా ఇబ్బంది. గ్రూపులో ఎవరో పంపిన నమూనాను యథాతథంగా చదవడం రెండవ పొరపాటు. అదే పేరా పదకొండవసారి వినిపించేటప్పటికి సభ్యులు తల దించుకుని ఫోన్లు చూసుకోవడం తెరమీదే కనిపిస్తుంది. ఏఐ చేత రాయించినా ఫలితం అంతే, అందరి ప్రసంగాలూ ఒకే మూసలో ఉంటాయి. భాష సరిచూసుకోవడానికి వాడుకోండి, సంగతి మాత్రం మీదే ఉండాలి. ఎక్కడో చదివిన గణాంకాలు చెప్పకండి. "ఆ లెక్క ఎక్కడిది" అని ఒక సభ్యుడు అడిగితే మీ సొంత అనుభవం మీద నమ్మకం కూడా పోతుంది.

ఒక మెళకువ: బిల్లు విధాన కమిటీ దాటి డబ్బు చూసే కమిటీకి, అంటే ప్రతినిధుల సభలో అప్రోప్రియేషన్స్‌కు, సెనేట్‌లో వేస్ అండ్ మీన్స్‌కు వెళ్ళినప్పుడు అక్కడ మళ్ళీ హియరింగ్ ఉండవచ్చు. అక్కడ బిల్లు మంచిదా చెడ్డదా అన్న చర్చ వద్దంటారు, ఖర్చు గురించే చెప్పమంటారు. పాత ప్రసంగాన్ని అక్కడ చదివితే చైర్ మధ్యలోనే ఆపుతారు.

5. గట్టిగా చదివి చూసుకోండి

మనసులో చదివిన రెండు నిమిషాలు గట్టిగా చదివితే మూడవుతాయి. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని నిలబడి చదవండి, రికార్డు చేసి వినండి. సమయం పది సెకన్లు మిగిలేటట్టు కోసుకోండి. ఇంట్లో ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలుంటే వాళ్ళకు వినిపించండి. ఏ మాట అర్థం కాలేదో మొహమాటం లేకుండా చెబుతారు. పెద్దవాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడడానికి జంకితే బలవంతం చేయకండి, వారి మాటను రాతపూర్వకంగా పంపే దారి ఎలాగూ ఉంది.

6. హియరింగ్ రోజు

జూమ్ నుంచి మాట్లాడేవారు హియరింగ్ మొదలయ్యే ముందే చేరండి. తెర మీద మీ పేరు నమోదు చేసినట్టే ఉండాలి. మనవాళ్ళు చేరినప్పుడు ఆ జాబితాలో "అమ్మ ఐప్యాడ్", "గెలాక్సీ ఎస్22" అని కనిపించడం, చైర్ పేరు పిలిస్తే సిబ్బందికి మనిషి దొరక్క తర్వాతి వారిని పిలవడం తరచుగా జరుగుతుంది. ఇది సరిచేయడానికి పది సెకన్లు చాలు, కాని ముందే చేయాలి.

హియరింగ్‌ను టి.వి.డబ్ల్యూ. అనే చానెల్ ప్రత్యక్షంగా ప్రసారం చేస్తుంది. జూమ్‌లో ఉంటూ దాన్ని కూడా పక్కన పెట్టుకుంటే శబ్దం కొద్దిగా ఆలస్యంగా వచ్చి మీ మాట మీకే తిరిగి వినిపిస్తుంది, తడబడతారు. మీ వంతుకు ముందు దాన్ని పూర్తిగా కట్టేయండి. కుక్కర్ కూతలు, డోర్‌బెల్లు సంగతి ఇంట్లోవారికి ముందే చెప్పి పెట్టుకోండి.

సాధారణంగా మొదట సిబ్బంది బిల్లును వివరిస్తారు, తర్వాత దాన్ని తెచ్చిన సభ్యుడు మాట్లాడతారు, ఆ తర్వాత సంస్థలవారు, చివరికి మిగతావారు. చైర్ ముగ్గురు నలుగురి పేర్లు ఒకేసారి చదువుతారు. మీ పేరు ఆ గుంపులో వినిపించగానే సిద్ధం కావాలి. తెర మీద అనుమతి అడిగే పెట్టె వస్తే ఒప్పుకుని, మైకు తెరిచి, వెంటనే మొదలుపెట్టండి. "వినిపిస్తోందా, కనిపిస్తున్నానా" అని అడగడం మానేయండి. వినిపించకపోతే వాళ్ళే చెబుతారు. మీ పేరును తప్పుగా పలికితే దిద్దడానికి సమయం ఖర్చు పెట్టవద్దు, మీరు చెప్పుకునేటప్పుడు సరిగ్గా పలికితే అదే రికార్డులోకి వెళుతుంది.

ఒలింపియాకు వెళ్ళేవారు సియాటిల్ నుంచి ఐ-5 మీద సుమారు 60 మైళ్ళని లెక్క వేసుకుంటారు గాని, టకోమా దగ్గర ట్రాఫిక్‌ను కూడా లెక్కలో పెట్టుకోవాలి. సెనేట్ కమిటీలు సాధారణంగా జాన్ ఎ. చెర్బర్గ్ భవనంలో, ప్రతినిధుల సభ కమిటీలు జాన్ ఎల్. ఓబ్రియన్ భవనంలో కూర్చుంటాయి; గోపురం ఉన్న పెద్ద భవనంలో వెతుక్కుంటూ తిరగవద్దు. గది లోపల చప్పట్లు కొట్టకూడదు, ఎవరి మాటకైనా పైకి నిరసన తెలపకూడదు. నేరుగా వెళ్ళినందువల్ల ఉన్న లాభం వరండాలో ఉంటుంది: హియరింగ్ ముందూ వెనకా మీ జిల్లా సభ్యుడో, ఆయన సహాయకుడో ఎదురుపడితే రెండు మాటలు చెప్పవచ్చు. జూమ్‌లో ఆ వీలు లేదు. అయినా మొదటిసారికి జూమ్ చాలునని నా అభిప్రాయం.

సభ్యులు ప్రశ్న అడిగితే "చైర్ ద్వారా" అని మొదలుపెట్టి ఆ ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పండి. తెలియకపోతే తెలియదనండి, తెలుసుకుని కమిటీకి రాసి పంపుతాననండి, పంపండి. వ్యతిరేక పక్షం వారి పేరెత్తి మాట్లాడకండి. సమయం అయిపోయిందని చైర్ చెప్పగానే, వాక్యం మధ్యలో ఉన్నా సరే, ముగించి ధన్యవాదాలు చెప్పండి.

7. పిలుపు రాకపోతే

ఇది జరిగే అవకాశం చాలా ఎక్కువ. వివాదాస్పదమైన బిల్లులకు వేల సంఖ్యలో పేర్లు నమోదవుతాయి, హియరింగ్ సమయం మాత్రం పెరగదు. రెండు గంటలు కాచుకుని పిలుపు రాక జూమ్ మూసేసినవారు అక్కడితో వదిలేస్తారు, అదే నష్టం. 24 గంటల గడువు ఇంకా నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఆ రాత్రే మీ రెండు నిమిషాల ప్రసంగాన్ని రాతపూర్వకంగా పంపండి. మాట్లాడినవారు కూడా పంపడం మంచిది, ఎందుకంటే తొందరలో వదిలేసిన అంకెలు అందులో ఉంటాయి.

8. ఫలితం సరిచూసుకోవడం

టి.వి.డబ్ల్యూ. వెబ్‌సైటులో ఆ హియరింగ్ వీడియో ఉంటుంది. మీ వంతు చూసుకోండి, మీ గొంతు విని సిగ్గుపడడానికి కాదు, చైర్ ఎక్కడ తల ఎత్తారో, ఎవరు నోట్సు రాసుకున్నారో చూడడానికి.

అసలైన సరిచూపు మాత్రం బిల్ రిపోర్టులో ఉంటుంది. హియరింగ్ తర్వాత బిల్లు కమిటీ దాటితే సిబ్బంది ఆ రిపోర్టులో సమర్థించినవారు ఏమన్నారు, వ్యతిరేకించినవారు ఏమన్నారు అని క్లుప్తంగా రాస్తారు. దాని కింద మాట్లాడినవారి పేర్లు, నమోదు చేసుకుని కూడా మాట్లాడే వీలు దొరకనివారి పేర్లు వస్తాయి. మీ పేరు ఉందా, సరైన పక్షంలో ఉందా చూడండి. ఆ సంక్షిప్తంలో మీరు చెప్పిన సంగతికి ఒక్క వాక్యం దక్కిందంటే పని జరిగినట్టే. ఎగ్జిక్యూటివ్ సెషన్‌లో కొత్త ప్రతి వచ్చి ఉంటే మీరు ప్రస్తావించిన సెక్షన్‌ను పాతదానితో పక్కపక్కన పెట్టి చదవండి.

హియరింగ్ జరిగిన కమిటీలో మీ జిల్లా సభ్యులు ఉండకపోవచ్చు. రాష్ట్రంలో 49 జిల్లాలు, ఒక్కొక్క జిల్లాకు ఒక సెనేటరు, ఇద్దరు ప్రతినిధులు ఉంటారు. బిల్లు పేజీలోనే దాని మీద అభిప్రాయం పంపే సదుపాయం ఉంది, చిరునామా ఇస్తే మీ ముగ్గురికీ చేరుతుంది. కంప్యూటరు అలవాటు లేనివారు శాసనసభ హాట్‌లైన్ 1-800-562-6000కు ఫోన్ చేసి చెప్పవచ్చు. సభలో ఓటింగ్ రోజు దగ్గరపడ్డాక ఇదే పనికొస్తుంది, అప్పుడు హియరింగులు ఉండవు.

వేరే రాష్ట్రాలలో ఉన్నవారికి

టెక్సాస్‌లోని ఫ్రిస్కో, ఇర్వింగ్ నుంచి అడిగేవారు కూడా ఉన్నారు. అక్కడ శాసనసభ బేసి సంవత్సరాలలో మాత్రమే, 140 రోజులు, సమావేశమవుతుంది. మాట్లాడాలంటే రాజధాని ఆస్టిన్‌కు స్వయంగా వెళ్ళవలసిందే. నమోదు కూడా శాసనసభ భవనమైన క్యాపిటల్‌లోనే చేసుకోవాలి, హియరింగులు అర్ధరాత్రి దాటడం అరుదు కాదు. వెళ్ళలేని టెక్సాస్ వాసులు ప్రతినిధుల సభ కమిటీలకు వెబ్‌సైటు ద్వారా వ్యాఖ్యలు పంపవచ్చు.

కాలిఫోర్నియా పద్ధతి మరొక రకం. ప్రతి పక్షానికి ఇద్దరు ముఖ్య సాక్షులు మాత్రమే వివరంగా మాట్లాడతారు. మిగతావారు వరుసలో నిలబడి పేరు, సంస్థ ఉంటే సంస్థ, పక్షం మాత్రమే చెప్పి వెళ్ళాలి. 2023లో కుల వివక్ష మీద వచ్చిన సెనేట్ బిల్లు ఎస్.బి. 403కు రెండు పక్షాల దక్షిణాసియావారూ పెద్ద ఎత్తున ఆ వరుసలలో నిలబడ్డారు; బిల్లు రెండు సభలు దాటాక గవర్నర్ గావిన్ న్యూసమ్ ఆ అక్టోబరులో వీటో చేశారు. అక్కడివారు రాసుకున్న ప్రసంగాన్ని హియరింగ్‌కు ముందే కమిటీకి పంపాలి, మైకు ముందు చదవాలని చూస్తే రెండవ వాక్యానికి ఆపుతారు.

9. బిల్లు ముందుకు పోతే, ఆగిపోతే

మొదటి సభ ఆమోదించిన బిల్లు రెండవ సభకు వెళ్ళి అక్కడ మళ్ళీ కమిటీ, మళ్ళీ హియరింగ్ అంటూ మొదలవుతుంది. మొదటి సభలో నమోదు చేసుకున్న పేరు అక్కడికి రాదు. 3వ మెట్టు నుంచి మళ్ళీ చేయాలి, ఈసారి మారిన ప్రతిని చదివి. బేసి సంవత్సరంలో ఆగిపోయిన బిల్లు సాధారణంగా తర్వాతి సరి సంవత్సరపు సమావేశాలలో అదే నెంబరుతో తిరిగి చర్చకు రావచ్చు. కాబట్టి మీ రెండు ప్రతులనూ, ఆ ఏటి రసీదులనూ, నోటీసులనూ ఒక ఫోల్డరులో ఉంచి, బిల్లుకు పెట్టుకున్న ఈమెయిల్ నోటీసులను రద్దు చేయకండి.